నిమిషమక్క కుడికన్ను

ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, ఎందుకు పెట్టారో వీధి మొత్తానికి తెలుసు. వాచీ బాగుచేయించుకోవడానికి ఎవరు వచ్చినా తలెత్తకుండా "ఒక్క నిమిషం" అంటుంది. ఆ నిమిషం మామూలు నిమిషం కాదు. అందులో మనిషి వెళ్ళి జుట్టు కత్తిరించుకుని, ఇంటికి సరుకులు కొనుక్కుని తీరిగ్గా తిరిగి రావచ్చు. ఊరందరి గడియారాలనూ సెకన్లతో సహా సరిచేసే మనిషి తన నిమిషాన్ని మాత్రం ఏనాడూ సరిచేసుకోలేదు. అలా నిమిషమక్క అయి కూర్చుంది. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

కొట్టు మేడమెట్ల కింద ఉంటుంది. ఇద్దరు మనుషులు కూర్చుంటే మూడోవాడు ఊపిరి బిగబట్టి నిలబడాలి. రెండు బల్లలు. ఒకటి ఆమెది, ఇంకోటి తమ్ముడిది. బ్యాటరీ వాచీలు, బెల్టులు, గోడ గడియారాలు తమ్ముడి వంతు. కీ ఇచ్చే పాత వాచీలు, మిగతా కొట్లవాళ్ళు చేతులెత్తేసినవి, ఆమె వంతు. మెట్లెక్కితే పైన ఇల్లు. అక్కడ కిటికీ పక్క కుర్చీలో నాన్న ఉంటాడు. ఆమె భర్త ఓడలో వంటవాడు. ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీద, రెండు నెలలు ఇంట్లో. ఆ రెండు నెలలూ ఇల్లంతా ఊగుతున్నట్టు నడుస్తాడని తమ్ముడు వేళాకోళం చేస్తాడు.

వాచీ పని తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. ఈ పనికి చేతులకన్నా ముందు కన్ను కావాలి. కంటి గుంటలో ఇరికించుకునే చిన్న గొట్టం ఒకటుంటుంది, దాని చివర భూతద్దం. ఐగ్లాసు అంటారు. కనుబొమ్మకీ చెంపకీ మధ్య దాన్ని బిగించి పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వెంట్రుకంత స్ప్రింగు అందులోంచి తాడులా కనిపిస్తుంది. నిమిషమక్క ముప్పయ్యేళ్ళుగా దాన్ని కుడికంటికే పెట్టుకుంది. ఆ కన్నుకు తెలిసినంత ఆమెకే తెలియదు. స్క్రూ తల చూడగానే అది ఎంత బిగువుగా ఉందో, ఇంతకు ముందు ఏ మొరటువాడు దాన్ని తిప్పాడో ఆ కన్ను చెప్పేస్తుంది. ఎడమకన్ను ఉందంటే ఉంది. రోడ్డు దాటడానికీ, కూరగాయలు ఏరడానికీ పనికొస్తుంది. ఒకసారి సరదాకి ఐగ్లాసు దానికి పెట్టి చూస్తే ఏ చక్రం ఎక్కడుందో తెలియక చేతులు తడబడ్డాయి.

అందుకే ఆ కుడికన్ను ఎర్రబడినప్పుడు ఆమె గుండెల్లో రాయి పడింది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మేడ మీద కుర్చీలో కూర్చున్న ఆ నాన్నకు కుడికంటి చూపు లేదు.

తాతకూ చివరి రోజుల్లో కుడికన్నే మసకబారిందట. నాన్నకు పూర్తిగా పోయింది. "మనింట్లో కుడికన్ను నిలవదు" అని నాన్న ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. తన కన్ను ఇంకా పోకముందే, తాత కన్ను చూసి ఆ మాట అంటూ ఆమెను ఈ పనిలోకి రానివ్వకూడదని చూశాడు. టైపు నేర్చుకోమని పంపాడు. ఆమె టైపు మిషన్ల దగ్గర ఒక పూట కూర్చుని, రెండో పూట నాన్న బల్ల పక్కన తేలేది. పధ్నాలుగో ఏట, నాన్న కునుకు తీస్తుండగా ఒక ఆడవాళ్ళ వాచీ విప్పి, మళ్ళీ బిగించి, నడిపించింది. నాన్న లేచి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. మెచ్చుకోలేదు. "నీ కళ్ళు నీ ఇష్టం" అన్నాడు. అంతే, పనిలో చేరిపోయినట్టయింది.

ఆ ఏడాది ఊళ్ళో కళ్ళకలక వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు. బస్సులో సగం మంది నల్లకళ్ళజోళ్ళు, మిగతా సగం మంది వాళ్ళకేసి చూడకుండా పైకప్పు చూస్తూ ప్రయాణం. తమ్ముడికి ఒక ఉదయం రెప్పలు అతుక్కుపోయి, వేడినీళ్ళతో కడిగితే గానీ కళ్ళు తెరుచుకోలేదు. పుసి, నీళ్ళు, ఇసుక పోసినట్టు గరగర. అయినా కొట్టుకు వచ్చాడు.

"ఇంట్లో ఉండరా" అంది నిమిషమక్క గోడకేసి తిరిగి.

"నా మొహం చూసి మాట్లాడొచ్చు కదక్కా."

"చూస్తే అంటుకుంటుంది."

మూడు రోజులు ఆమె తమ్ముడి మొహం చూడలేదు. చేసిన జాగ్రత్త అంతా అదే. కొట్లో బాగా పెద్దది చేసి చూపించే ఐగ్లాసు ఒక్కటే ఉండేది. ప్లాస్టిక్‌ది. ఎవరికి అవసరమైతే వాళ్ళు అడిగి పుచ్చుకోవడం ఆ కొట్టు అలవాటు. తమ్ముడు తన కంట్లోంచి తీసి చేయి చాచేవాడు, ఆమె గోడకేసి చూస్తూనే చేయి చాచి పుచ్చుకుని, వెచ్చగా ఉండగానే తన కంటికి పెట్టుకునేది. నాలుగో రోజు ఆమె కుడికన్ను ఎర్రగా లేచింది. మరో రెండు రోజులకు ఎడమకన్నుకు కూడా కాస్త కలక తగిలింది.

తమ్ముడికి తొమ్మిది రోజుల్లో తగ్గిపోయింది. చల్లటి తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు, అంతకుమించి ఏమీ చేయలేదు. ఆమె ఎడమకన్ను వారంలో తెల్లబడింది. కుడికన్ను కూడా తగ్గుముఖం పట్టినట్టే పట్టి, ఆమె మళ్ళీ పనిలో కూర్చోగానే మొండికేసింది.

అదే ఆమెకు అర్థం కాలేదు. ఈసారి ఆమె తీసుకున్నంత జాగ్రత్త ఊళ్ళో ఇంకెవరూ తీసుకోలేదు. తువ్వాలు వేరు, దిండు గలీబు రోజూ ఉతకడం, చేతులు సబ్బుతో కడగడం. ఐగ్లాసు పంచుకోవడం బంద్. "ఇకనుంచి నీది నీది, నాది నాది" అని తమ్ముడికి ఆ ప్లాస్టిక్‌ది ఇచ్చేసి, తను సొరుగు అడుగునుంచి నాన్న ఐగ్లాసు తీసింది.

అది చూడాల్సిన వస్తువు. నల్లటి కొమ్ముతో చేసింది, అరిగి అరిగి నునుపు తేలింది. రోజంతా పెట్టుకుంటే గుంట నొక్కుకుపోతోందని నాన్న దాని అంచు చుట్టూ మెత్తటి తోలు పట్టీ కోసి తన చేత్తో అతికించాడు. దాన్ని తుడవడానికి ఒక పద్ధతి ఉంది. వాచీ భాగాలు కడగడానికి బల్ల మీద మూతున్న గాజు గిన్నెలో పెట్రోలు ఉంటుంది కదా, అందులో గుడ్డ ముంచి అంచంతా గట్టిగా తుడవాలి. "పెట్రోలు తగిలితే ఏ మురికీ బతకదు" అనేవాడు నాన్న. చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు ఆ తుడిచే పని ఆమెదే. ప్లాస్టిక్ గ్లాసయితే పెట్రోలుకు మసకబారిపోతుంది గనక, అది వచ్చాక ఆ పద్ధతి మూలపడింది. ఇప్పుడు కలక భయంతో మళ్ళీ మొదలైంది. నాన్న రోజుకు ఒకసారి తుడిపించేవాడు. ఆమె ఆరుసార్లు తుడిచింది.

కన్ను మండింది. మండుతోందంటే జబ్బు ఇంకా చావలేదనుకుంది. ఇంకా గట్టిగా తుడిచింది.

రోజూ పొద్దున కొట్టు తీయగానే ఒక పరీక్ష పెట్టుకునేది. ఎడమకన్ను చేత్తో మూసి, ఎదురుగోడ మీద గడియారం డయల్ అడుగున ఉండే చీమతలకాయలంత అక్షరాలు కుడికంటితో చదవడం. చదవగలిగితే ఆ పూటకు గండం గడిచినట్టు. అక్షరాలు కాస్త అలుక్కుపోయి కనిపిస్తే ఒప్పుకునేది కాదు. రెప్పలు టపటపలాడించి, నీళ్ళు కారిపోయాక మళ్ళీ చదివేది. తమ్ముడు చూస్తున్నాడని తెలిస్తే, గడియారంలో టైము చూస్తున్నట్టు నటించేది. వాచీలు బాగుచేసే మనిషి ఒకే గోడ గడియారాన్ని పొద్దున్నే పావుగంటసేపు చూస్తే ఎవరికి అనుమానం రాదు?

"ఆసుపత్రికి వెళ్ళక్కా" అన్నాడు ఒకరోజు.

"వెళ్తాలే. ఒక్క నిమిషం."

"నీ నిమిషాలు నాకు తెలుసు."

ఆమె వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే, వెళ్తే చెప్పేస్తారని. కన్ను పోతుందని డాక్టరు నోటితో అంటే ఆ మాటను మళ్ళీ డాక్టరు నోట్లోకి నెట్టలేం కదా. చెప్పనంతకాలం పోనట్టేనని ఆమె లెక్క. ఇంత చిన్న స్ప్రింగును సరిచేయగల మనిషి ఇంత వంకర లెక్క ఎలా వేసుకుందని అడగకండి. భయపడ్డ మనిషి లెక్కలన్నీ అలాగే ఉంటాయి.

ఆసుపత్రికి బదులు ఆమె మేడెక్కింది. నాన్న కుర్చీ పక్క అరలో ఒక చుక్కల సీసా ఎప్పుడూ ఉంటుంది. నాన్న కన్ను బతికి ఉన్న రోజుల్లో అది ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. పుట్టుమచ్చలాగా ఆ ఎరుపు ఆయన మొహంలో భాగమైపోయింది. మందుల షాపువాడు ఒకసారి ఈ చుక్కలు ఇచ్చాడు. రెండు రోజుల్లో కన్ను తెల్లగా మెరిసింది. మానేస్తే మళ్ళీ ఎర్రబడింది. దాంతో మానలేదు. నాలుగైదేళ్ళు, పొద్దునా సాయంత్రమూ, కూతురే తల వెనక్కి వంచి వేసేది. ఆ తర్వాత ఎప్పుడో దీపం చుట్టూ రంగుల చక్రం కనిపిస్తోందన్నాడు. పక్కనుంచి వచ్చే సైకిలు కనిపించక రెండుసార్లు పడ్డాడు. అప్పుడు గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. నీటికాసులు, కంట్లో ఒత్తిడికి నరం ఎండిపోయింది, ఆలస్యమైందన్నాడు ఆ డాక్టరు. ఏమైనా వాడుతున్నారా అని అడిగితే, "అబ్బే, ఏమీ లేదండీ, మామూలు చుక్కలు" అన్నాడు నాన్న. పక్కనే నిలబడ్డ కూతురు తలూపింది. పని మానేసి కుర్చీలో కూర్చున్నాక ఎరుపు దానంతటదే పోయింది గానీ, చూపు తిరిగి రాలేదు. సీసా మాత్రం అరలోంచి కదల్లేదు. ఎడమకన్ను ఎప్పుడైనా దురద పెడితే ఆయన ఇప్పటికీ ఒక చుక్క వేయించుకుంటాడు.

"నాన్నా, ఆ చుక్కలు నేను కాస్త వాడుకోనా?"

"వాడుకో తల్లీ. నువ్వు వేసిన చుక్కల వల్లే ఈ ఎడమదన్నా మిగిలింది నాకు."

రెండు రోజుల్లో కన్ను తెల్లబడింది. అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆ వారం కస్టమర్లతో తలెత్తి మాట్లాడింది కూడా. చుక్కలు మానేసిన మూడో రోజుకు మంట తిరిగి వచ్చింది. మళ్ళీ వేసింది. తగ్గింది. మానింది. వచ్చింది. సీసా అయిపోతే మందుల షాపుకు వెళ్ళింది. "నాన్నగారికేగా?" అంటూ చీటీ అడక్కుండానే ఇంకోటి చేతిలో పెట్టాడు. ఇలా ఐదు వారాలు గడిచాయి. రాను రాను ఆమెకు తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. నాన్నకు జరిగింది కూడా అచ్చం ఇలాగే. ఎరుపు, చుక్కలు, తెలుపు, మళ్ళీ ఎరుపు. ఆ దారి చివర ఏముందో రోజూ అన్నం పెడుతున్నప్పుడు ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

ఒకరోజు ఉదయం బల్ల మీద దీపం వెలిగించేసరికి దాని చుట్టూ లేత రంగుల చక్రం కనిపించింది.

చేతిలో ఉన్న పట్టకారు కింద పడింది. తమ్ముడు తలెత్తి చూశాడు. ఆమె ఐగ్లాసు చీర కొంగున ముడివేసుకుని, చుక్కల సీసా సంచిలో వేసుకుని, ఒక్క నిమిషం అనకుండానే కొట్టు దిగి వెళ్ళిపోయింది. తమ్ముడు భయపడింది అప్పుడే.

కంటి ఆసుపత్రి వరండాలో పొడుగు బెంచీ మీద కూర్చుంది. పక్కన ఒక లారీ డ్రైవరు. అతని ఎడమకంటి తెల్లగుడ్డు సగం నెత్తురు ముద్దలా ఉంది. అంతలా పాడైన కన్ను ఆమె ఎప్పుడూ చూడలేదు. అవతలి పక్క ఇసుక పడవ నడిపే ముసలాయన. ముక్కువైపునుంచి తెల్లగుడ్డు మీదుగా నల్లగుడ్డు మీదికి సన్నటి కండ పాకుతోంది. "ఎండలో, గాలిలో బతికినవాళ్ళకి వస్తుందట. ఇంకాస్త లోపలికి పాకితే కోసి తీసేసి, దాని చోట ఇంకో పొర ముక్క అతికిస్తారట" అన్నాడాయన, చొక్కాకు మాసిక వేయించుకోబోతున్నట్టు.

డ్రైవరు లోపలికి వెళ్ళిన మూడు నిమిషాల్లో బయటికి వచ్చాడు. మొహంలో కోపం.

"ఏమన్నారు బాబూ?" అంది నిమిషమక్క, వినడానికి భయపడుతూనే.

"ఏం లేదంట. గట్టిగా దగ్గినప్పుడు పైపొర కింద చిన్న నరం చిట్లిందంట. రెండు వారాల్లో దానంతటదే పోతుందంట. బీపీ చూపించుకోమన్నారు. మందు అడిగితే అక్కర్లేదన్నారు. ఇంత రక్తం కనిపిస్తుంటే మందు అక్కర్లేదా?"

అంత ఘోరంగా ఉన్న కంటికి ఏమీ లేదట. మరి తన కన్ను అద్దంలో చూస్తే కాస్త గులాబీ రంగు, అంతే. అలా చూస్తే తనది ఇంకెంత ప్రమాదమో. ధైర్యం రావలసిన చోట కూడా ఆమె భయాన్నే ఏరుకుంది. పేరు పిలిచేసరికి సంచి గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. గడ్డం యంత్రం మీద ఆనించమంది, సన్నటి వెలుగు వేసి చూసింది. రెప్పను వేలితో తిప్పి లోపలివైపు చూసింది. ఆలోగా నిమిషమక్క గోడ మీద గడియారం చప్పుడు వింది. అది రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుందని కూడా ఆమెకు తెలిసిపోయింది.

"అమ్మా, మీరు పెట్రోలు బంకులో పనిచేస్తారా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ. వాచీలు."

"మరి మీ దగ్గర పెట్రోలు వాసన వస్తోంది. బట్టలకు కాదు. మొహం దగ్గర."

నిమిషమక్క కొంగు ముడి విప్పి ఐగ్లాసు ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, తోలు పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. తర్వాత చిన్న అద్దం తీసి నిమిషమక్క చేతికిచ్చింది.

"చూడండి. రెప్ప మీద, కింద చెంప మీద చర్మం గుండ్రంగా పొట్టు లేచింది. సరిగ్గా ఈ పట్టీ అంత గుండ్రం. తోలు పెట్రోలు పీల్చుకుంటుంది. మీరు దాన్ని రోజంతా కంటికి ఆనించుకుంటున్నారు. ఆవిరి బయటికి పోయే దారి కూడా లేదు. తెల్లగుడ్డు మీదా, రెప్పల లోపలా పలచటి పొర ఒకటుంటుంది. దానికి ఆ మంట తగులుతోంది."

"కలక కాదా?"

"మొదట వచ్చింది కలకే అయ్యుంటుంది. అది వారం పది రోజుల్లో పోయింది. ఆ తర్వాతదంతా ఇదే."

"నా తమ్ముడి మొహం కూడా చూడలేదండీ నేను."

"చూస్తే రాదమ్మా. చేతులు, తువ్వాళ్ళు, ఇదిగో ఇలా కంటికి పెట్టుకునేవి. వాటివల్ల వస్తుంది." డాక్టరమ్మ నవ్వుదామనుకుని, ఆమె మొహం చూసి మానేసింది. "కన్ను పోదు. భయపడకండి."

ఆ మాటకోసం ఐదు వారాలు కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన మనిషి, తీరా విన్నాక నమ్మలేదు. "దీపం చుట్టూ రంగులు కనిపించాయండీ" అంది.

డాక్టరమ్మ మొహం మారింది. "మందేమైనా వేస్తున్నారా?"

మామూలు చుక్కలండీ, అనబోయింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏ గదిలో, ఎవరు, ఎవరి పక్కన నిలబడి ఆ మాట అన్నారో గుర్తొచ్చి ఆగిపోయింది. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

సీసా మీద పేరు చదివి డాక్టరమ్మ లేచింది. ఇంకో యంత్రం దగ్గర కూర్చోబెట్టి కంటి లోపలి ఒత్తిడి కొలిచింది. రెండుసార్లు కొలిచింది. "కొంచెం ఎక్కువుంది. పెద్ద ఎక్కువ కాదు. లోపల నరం బాగుంది. ఆ రంగులు కంట్లో నీటి పొరవల్ల కూడా కనిపించవచ్చు. కానీ ఈ చుక్కలు ఈ రోజుతో ఆపేయండి. ఇది స్టెరాయిడ్. ఎరుపుని అణిచేస్తుంది, కారణాన్ని అలాగే ఉంచుతుంది. డాక్టరు చూస్తూ నాలుగు రోజులు వాడితే మంచి మందే. ఎవరూ చూడకుండా నెలలూ ఏళ్ళూ వేసుకుంటే కొందరిలో కంటి ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు, తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. మీరు తొందరగానే వచ్చారు. కన్ను తడిగా ఉంచే చుక్కలు రాసిస్తాను. ఆ తోలు పారేయండి. ఈ వారం పని వద్దు. రెండు వారాల తర్వాత మళ్ళీ ఒత్తిడి చూస్తాను."

నిమిషమక్కకు చివరి మాటలు వినిపించలేదు. నెలలూ ఏళ్ళూ అన్న దగ్గరే ఆమె ఆగిపోయింది.

"నాలుగైదేళ్ళు వేస్తే?" అంది.

"ఎవరికి?"

"మా నాన్నకి. ఈ ఐగ్లాసే. ఈ చుక్కలే." సీసా వైపు చూపించింది. "నేనే వేసేదాన్ని."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చూడకుండా చెప్పలేనమ్మా. అయ్యుండొచ్చు. కాకపోయి కూడా ఉండొచ్చు. ఆయనకు ఇంకో కన్ను ఉందా?"

"ఉంది."

"దానికి వేయకండి. రేపు తీసుకురండి."

బయటికి వచ్చి నడిచింది. బస్సు ఎక్కాలన్న ఆలోచన రాలేదు. తన కన్ను దక్కింది. ఆ సంతోషం ఎక్కడో ఉండే ఉంటుంది, ఆమె దాన్ని వెతుక్కోలేదు. బడికి వెళ్ళేముందు పెట్రోలు గుడ్డతో ఆ అంచు తుడిచిన చేయి తనదే. పెరిగి పెద్దయ్యాక, తల వెనక్కి వంచి, రెప్ప పైకెత్తి, ఒక్క చుక్క కూడా చెంప మీద పడకుండా వేసిన చేయీ తనదే. ఎంత నేర్పుగా వేసేదో. నాన్న నలుగురికీ చెప్పుకునేవాడు, మా అమ్మాయి చుక్క వేస్తే వేసినట్టే తెలియదని. మంట పెట్టిందీ తనే, దాన్ని కనిపించకుండా కప్పిందీ తనే.

చెప్పకుండా ఉంటే? ఆ ప్రశ్నను దారి పొడుగునా మోసింది. సీసా మెల్లగా తీసేయొచ్చు. ఎడమకన్ను పరీక్షకని ఏదో వంక చెప్పి తీసుకెళ్ళొచ్చు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషికి ఇప్పుడిది తెలిసి ఒరిగేదేముంది? ఇలా మెట్ల దాకా వచ్చేసరికి చెప్పకూడదని గట్టిగా నిశ్చయించుకుంది. కొట్లోంచి తమ్ముడు లేచి చూశాడు. ఆమె చేయి ఊపి, పర్వాలేదన్నట్టు సైగ చేసి, పైకి వెళ్ళిపోయింది.

అడుగుల చప్పుడుకే నాన్న తల తిప్పాడు. ఆయనకు అడుగులూ గడియారాల్లాగే. ఎవరివి ఎలా నడుస్తాయో తెలుసు.

"డాక్టరు దగ్గరికే వెళ్ళుంటావన్నాడు తమ్ముడు. ఏమన్నారు?"

"ఏం లేదు నాన్నా."

"ఏం లేకపోతే మెట్లు అంత మెల్లగా ఎందుకెక్కావు?"

ఆయన చేయి పక్క అరలో తడుముతోంది. పొద్దున్నుంచి ఎడమకన్ను దురదగా ఉన్నట్టుంది, రెప్ప నలుపుకున్న గుర్తు కనిపిస్తోంది. "సీసా నువ్వు తీసుకెళ్ళావా? ఒక చుక్క వేసి పో తల్లీ" అన్నాడు, అలవాటుగా తల వెనక్కి వాల్చి.

ఆ వాలిన తలను చూశాక నిమిషమక్క నిశ్చయం నిలవలేదు. ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని అంతా చెప్పేసింది. పెట్రోలు, తోలు పట్టీ, చుక్కలు, ఒత్తిడి, నరం. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చివర్న, "తుడిచిందీ నేనే, వేసిందీ నేనే" అని తల దించుకుంది.

నాన్న తల ఇంకా వెనక్కే వాలి ఉంది. నెమ్మదిగా దాన్ని నిటారుగా నిలబెట్టాడు.

"అయితే అది వంశంలో ఉన్నది కాదా?"

"కాదేమో నాన్నా. కానీ నేనే కదా ఆ చుక్కలు..."

"ఉండు." చేయెత్తాడు. "నీ కన్ను పోదా?"

"పోదన్నారు."

"రెండోసారి అడిగావా?"

"అడిగాను."

"మళ్ళీ పోదనే అన్నారా?"

"లోపల నరం బాగుందన్నారు."

ఆయన ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ఎన్నేళ్ళుగా బిగబట్టాడో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె పధ్నాలుగో ఏట ఆ ఆడవాళ్ళ వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నప్పటినుంచీ ఆయన రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు, ఈ పిల్ల కుడికన్ను ఎప్పుడు పోతుందా అని. తన కన్ను పోయిన రోజున కూడా ఆయన ఏడ్చింది తన కోసం కాదు.

"నా చేత్తోనే నాన్నా" అంది ఆమె, ఆయన సరిగ్గా వినలేదేమోనని.

"మరెవరు వేస్తారు? నా కంట్లో నేను వేసుకోలేను కదా." వంగి ఆమె తల మీద చేయి పెట్టాడు. "తెమ్మన్నది నేను. మామూలు చుక్కలని ఆ డాక్టరుతో అన్నదీ నేనే. నీకేం తెలుసు అప్పట్లో. ఏదీ, ఆ ఐగ్లాసు ఇలా ఇవ్వు."

ఆమె కొంగు ముడి విప్పి ఇచ్చింది. నాన్న దాన్ని వేళ్ళతో తిప్పి చూసుకున్నాడు. తోలు అతుకు ఎక్కడుందో వెంటనే దొరికింది, అతికించింది ఆయనే కదా. గోటితో అంచు లేపి, బలమంతా పెట్టి లాగాడు. మొదట రాలేదు. పళ్ళు బిగించి మళ్ళీ లాగాడు. పట్టీ చర్రున లేచి వచ్చింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కిటికీలోంచి విసిరేశాడు.

"రేపు ఎన్నింటికి రమ్మన్నారు నన్ను?" అన్నాడు.

"పదింటికి."

"తొమ్మిదికే బయల్దేరదాం. నీ నిమిషాలు నాకు తెలుసు."